మామ వదిలిన సందులు

సముద్రం ఒడ్డున ఏదో థీమ్ పార్కు కడుతున్నారు, అందులో చెట్ల మీద ఇళ్ళు కట్టేదానికి పడవలు చేసే వడ్రంగులు కావాలంట అని కబురొచ్చినప్పుడు నేను పడీపడీ నవ్వినా. చెట్టు మీద ఇల్లేంది, మనమేమన్నా కోతులమా అన్నా. మా మామ నవ్వలేదు. "ఎన్ని ఇళ్ళంట?" అని అడిగినాడు.

మామ అంటే మా అమ్మకు అన్న. నా చేతికి బాడిస ఇచ్చి, చెక్క మీద అది ఎట్టా పడాలో నేర్పింది ఆయనే. జువ్వలదిన్నె చుట్టుపక్కల సముద్రంలోకి పోయిన కొయ్య పడవల్లో మామ చెయ్యి పడనివి తక్కువ. తర్వాత ఫైబరు పడవలొచ్చినాయి, మా నోట్లో మట్టి కొట్టినాయి. నేను కృష్ణపట్నం వైపు పోయి సెంట్రింగ్ చెక్కలు కొట్టుకుంటా బతికినా. మామ రానన్నాడు. సిమెంటు పోసినాక పీకి పారేసే చెక్కకి నా ఉలి ఎందుకు అన్నాడు. రెండేళ్ళు ఇంటి ముందు కూర్చుని, పని లేని ఉలుల్ని నూరుకుంటా గడిపినాడు.

దానికి తోడు ఇంకోటి. మేస్త్రీకి చూపు ఆనడం లేదంట అని రేవులో ఎవడో పుల్ల పెట్టినాడు. ఎవరో పలకరిస్తే మామ చూడకుండా పోయినాడంట, అంతే, అదే సాక్ష్యం. ఆయన ఏ ఆలోచనలో ఉండాడో ఎవడికి కావాలి! మా పనిలో ఆ మాట అంటుకుంటే మనిషి పని అయిపోయినట్టే. కళ్ళు కనపడనోడు చేసిన పడవలో ఎవడు ప్రాణం పెట్టి సముద్రంలోకి పోతాడు? అందుకని మామకి ఆ చెట్టు ఇళ్ళు కూలి కోసం చేసే పని మాత్రమే కాదు. నా చెయ్యి, నా కన్ను ఇంకా చెడలేదు, వచ్చి చూసుకోండి అని నలుగురికీ చూపించుకునే పని. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసీ చేసినా కాబట్టే ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటా ఉంటా.

ఆ పార్కు వాకాడు అవతల, సరుగుడు తోటలు దాటినాక, ఒక పాత మామిడి తోటలో. సిమెంటుతో పెద్ద తిమింగలం కట్టినారు, పిల్లకాయలు దాని వీపు మీదెక్కి నోట్లో నుంచి జారి నీళ్ళలో పడాల. టిక్కెట్లిచ్చే గది ఓడ మాదిరి ఉండాది. ఊళ్ళ నుంచి పిల్లాపాపలతో వచ్చినోళ్ళు రెండు రోజులు ఉండేదానికి ఆరు మామిడి చెట్ల మీద ఆరు ఇళ్ళు. ఒక గది, పిల్లలకి ఒకదాని మీద ఒకటి మంచాలు, ముందర వసారా. ఆ వసారా మాత్రం పడవ మాదిరి ఉండాలన్నాడు మేనేజరు. "వరదకి కొట్టుకొచ్చిన పడవ చెట్టు కొమ్మల్లో ఇరుక్కున్నట్టు కనపడాల మేస్త్రీ గారూ" అని ఫోన్లో బొమ్మ చూపించినాడు. ముందుకి ముక్కు, చుట్టూ మోకాలెత్తు అంచు. మామ ముఖం వెలిగిపోయింది. ఇంటికొచ్చి అత్తతో కోడికూర చేయించుకుని తిన్నాడు.

అయితే పని మొదలుపెట్టమంటే పెట్టడే! రెండు రోజులు మొదటి చెట్టు చుట్టూ తిరుగుతా, కాండం మీద చెయ్యేసి నిలబడతా ఉన్నాడు. మేనేజరు నన్ను పక్కకి పిలిచి, ఏం చేస్తున్నాడయ్యా ఆయన అన్నాడు. "చెట్టుతో ముచ్చట్లాడుతుండాడు సార్" అన్నా వెటకారంగా. మామకి వినపడింది.

"పడవ నీళ్ళకి ఊగుద్ది, ఇది గాలికి ఊగుద్ది. ఎటు ఊగుద్దో చూడొద్దంట్రా తొందరగాడా?" అన్నాడు.

నా తొందర పుట్టుకతో వచ్చింది. మా అమ్మ చెప్పేది, కడుపులో కూడా ఆగలేదంట నేను.

మా పని గురించి ఒక్క మాట చెప్పాల, లేకపోతే నేను చేసింది అర్థం కాదు. పడవ పనిలో మొదటి పాఠం, ఆఖరి పాఠం ఒకటే. పలకకీ పలకకీ మధ్య వెంట్రుక దూరగూడదు. ఎంత బాగా అతికించినా కొంచెం సందు ఉంటది కాబట్టి నూలుకి పురి పెట్టి, సన్న ఉలితో, కొయ్యసుత్తితో ఆ సందులో కూరతాం. పైన గుగ్గిలం, నూనె కాచి పోస్తాం. తర్వాత చుక్క నీరు కారినా మామ ఆ పూట అన్నం ముట్టేవాడు కాదు. నేను కొత్తలో కూరిన ఒక సందులో నుంచి నీరు ఊరితే, అందరి ముందరా చెంప పగలగొట్టినాడు. అప్పటి నుంచి సందు కనపడితే చాలు, నా చెయ్యి నూలు కోసం దానంతటదే పోతాది. నిద్రలో లేపి అడిగినా అంతే.

మొదటి ఇంటి వసారా నేల మామ తన చేత్తోనే వేసినాడు. నన్ను మెట్ల పనిలో పెట్టినాడు. శుక్రవారం మధ్యాహ్నం టోపీ పెట్టుకుని, పక్క ఊళ్ళో జుమ్మా నమాజుకి బయలుదేరినాడు. నువ్వు రావా అంటే, మెట్లు పూర్తి చేస్తాలే, అల్లా ఏమనుకోడులే అన్నా.

"సరే. నేల అయిపోయింది, దాని జోలికి పోబాక" అని చెప్పి పోయినాడు.

ఆయన పోయిన కాసేపటికి పైన దీపాలు బిగించే ఎలక్ట్రీషియన్ నన్ను కేకేసినాడు. "అన్నా, మీ పెద్దాయనకి నిజంగానే కళ్ళు ఆనడం లేదా ఏంది? ఈ సందులు చూడు, నా స్క్రూలన్నీ జారిపోయినాయి కిందకి!"

పైకెక్కి చూసినా. ప్రతి రెండు పలకల మధ్యా చిటికెన వేలు కొన దూరేంత సందు. కింద నేల కనపడతా ఉంది. అయ్యో మామా అనుకున్నా. రేవులో వాగినోళ్ళు నిజమే చెప్పినారు, మామకి కళ్ళు పోయినాయి, పోయిన సంగతి మాకెవరికీ చెప్పకుండా దాచుకుంటుండాడు అనుకున్నా. కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి నాకు. ఆ ఎలక్ట్రీషియన్ని, నోరు మూసుకుని నీ వైర్లు చూసుకో, బయట ఎక్కడన్నా ఈ మాట వాగినావంటే నాలుక చీరేస్తా అని అరిచినా. వాడు గొణుక్కుంటా దిగి టిక్కెట్ల గది పనికి పోయినాడు.

ఒక్క విషయం నిదానంగా చూసుంటే చాలు. ఆ సందులన్నీ ఒక్క కొలత. కళ్ళు ఆననోడు వేస్తే ఒకటి వేలంత, ఇంకోటి గోరంత వస్తాది. ముప్పై పలకల మధ్య ఒకే కొలత సందు రావాలంటే ఎంత కన్ను ఉండాల, ఎంత చెయ్యి ఉండాల! అంత బుర్ర నాకు ఆ పూట లేకపోయింది. మామ తిరిగొచ్చేలోపల ఆయన పరువు కాపాడాల, అదొక్కటే నా తలకాయలో ఉండింది. సంచిలో నూలు ఎప్పుడూ ఉంటది. గుగ్గిలం కాచినా. మూడు గంటల సేపు నడుం ఎత్తకుండా ఆ సందులన్నీ పూడ్చి పారేసినా. తాతకి దగ్గులు నేర్పడం అంటే ఇదే. పైగా చేస్తున్నంత సేపూ నేనేదో పుణ్యం చేస్తున్నట్టు నాలో నేనే మురిసిపోయినా. మామకి చెప్పకూడదు, చెప్తే ఆయన మనసు నొచ్చుకుంటాది అనుకున్నా.

సాయంత్రం మామ వచ్చేసరికి పార్కు వాళ్ళు ఆ నేల మీద పచ్చగడ్డి మాదిరి ప్లాస్టిక్ చాప పరిచేసినారు. మామ గాలి పీల్చి, "గుగ్గిలం వాసన వస్తందే" అన్నాడు.

"మెట్ల కీళ్ళకి పూసినా మామా" అన్నా. తడుముకోకుండా వచ్చింది అబద్ధం.

మిగతా అయిదు ఇళ్ళకి ఇంకా దూలాలే లేస్తుండాయి. మేనేజరుకి ఆత్రం, మొదటి ఇల్లు తయారు కాంగానే బాడుగకి పెట్టేసినాడు. మొదట దిగింది నెల్లూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం. మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ఒక నాయనమ్మ. అప్పటికి వానల కాలం వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం, వాళ్ళు నీళ్ళలో ఆడి అలిసిపోయి గదిలో పడుకున్నారు. వాయుగుండమని పొద్దున్నుంచీ టీవీలో చెప్తానే ఉన్నారు. రెండు గంటలప్పుడు కుండపోత మొదలైంది.

పడవలో చుక్క నీళ్ళు బయటి నుంచి లోపలికి రాకూడదు కదా. మరి వాన పైనుంచి పడితే ఆ నీళ్ళు బయటికి ఎట్టా పోతాయి? మోకాలెత్తు అంచు చుట్టూ ఉండాది. కింద నేలకి నేను వెంట్రుక సందు కూడా లేకుండా నూలు కొట్టినా. ఇంటి కప్పు మీది నీళ్ళన్నీ వచ్చి వసారాలోనే పడతాయి. గంటలో అది నిండిపోయింది. ఆ బరువుకి ఒక పక్క దూలం బోల్టులు ఊడొచ్చి, ఇల్లంతా వసారా వైపు వంగింది. తలుపు బయటికి తెరుచుకునేది. నీళ్ళు అడ్డం ఉంటే యాడ తెరుచుకుంటది? లోపల పిల్లల ఏడుపు, ఆడవాళ్ళ కేకలు.

నేనూ మామా అయిదో చెట్టు దగ్గర పట్ట కింద ఉన్నాము. కేకలు విని పరిగెత్తినాము. కిటికీకి నిచ్చెన వేసి పార్కు పనోళ్ళు పిల్లల్ని దించుతుండారు. నేను మెట్ల మీంచి పోయి బాడిసతో అంచు పలక పగలగొట్టినా. నీళ్ళు ధడాలున కిందకి దూకినాయి, ఆ నీళ్ళతో పాటు పచ్చ చాప లేచిపోయింది. కింద నల్లగా, నిగనిగలాడతా, గుగ్గిలం పట్టించిన నా పని. ఎంత బాగా చేసినానో! ఒక్క సందు కూడా విడిపోలేదు. నాయనమ్మ నిచ్చెన మీద కాలు జారి పడింది, మణికట్టు విరిగింది. వానలో ఆమె మూలుగు, కొడుకు తిట్లు, ఇప్పటికీ చెవుల్లో ఉండాయి.

వాన తగ్గినాక మేనేజరు, ఇంజనీరు వచ్చినారు. పనోళ్ళందరూ చుట్టూ మూగినారు. "ఈ నేల వేసిందెవరు? బుర్ర ఉన్నోడెవడన్నా నీళ్ళు పోయే దారి లేకుండా మూస్తాడా?" అని ఇంజనీరు కేకలు వేసినాడు. మామ గొంతుక్కూర్చుని, గోటితో ఒక సందు గీకి, నూలు పోగు లాగి చూసినాడు. నాది ఎడం చేతి వాటం. నేను పురి పెడితే అందరి పురికీ ఎదురు తిరుగుతాది. దాని మీద ఆయన నన్ను ఇన్నేళ్ళూ ఆటపట్టిస్తా ఉన్నాడు. మామ తలెత్తి నా వైపు చూసినాడు. ఎంతోసేపు కాదు. ఒక మనిషి నోరు తెరిచి, నేను చేసినా అని చెప్పడానికి ఎంతసేపు కావాలో అంతసేపు చూసినాడు.

నేను తేలు కుట్టిన దొంగ మాదిరి నిలబడినా.

"నేనే వేసినా సార్. తప్పు నాదే" అన్నాడు మామ. అంతటితో ఆగుంటే బాగుండు. "కళ్ళు సరిగ్గా ఆనడం లా ఈ మధ్య. సందు వదలాల్సింది, కనపడక పూడ్చేసినా" అన్నాడు.

ఆ మాటతో ఆయన తన ముప్పై, నలభై ఏళ్ళ పేరుని తన నోటితోనే తుడిచేసినాడు. చుట్టూ ఉన్నోళ్ళు అయ్యో పాపం అన్నట్టు తలలాడించినారు. ఆ ఎలక్ట్రీషియన్ అయితే, నేను ఆ రోజే చెప్పినా కదన్నా అన్నట్టు నా వైపు చూసినాడు. ఓడెక్కేదాకా ఓడమల్లయ్య, దిగినాక బోడిమల్లయ్య. పొద్దున దాకా మేస్త్రీ గారూ అన్న మేనేజరు, ఆ ముసలాయన్ని ఇప్పుడే పంపించెయ్యండి అన్నాడు. మేనేజరుని ఏమనుకోవాల? సొంత మేనల్లుణ్ణి, నేనేం తక్కువ చేసినా?

ఆ పూట నా తలకాయలో ఏం తిరిగిందో దాచను. మామ ఎట్టాగూ ఇంకో రెండేళ్ళలో మానుకునేవాడే అనుకున్నా. నా కూతుర్ని ఆ ఏడే బళ్ళో చేర్చినా, ఈ పని పోతే మళ్ళీ సెంట్రింగే అనుకున్నా. ఇంత సిగ్గుమాలిన లెక్క వేసుకునేదానికి ఎంతోసేపు పట్టలేదు నాకు. తడిసిన టోపీ పిండుకుని, సంచి భుజానేసుకుని మామ బస్సు కోసం రోడ్డు మీదకి నడిచిపోతుంటే, ఆ సంచి కూడా పట్టుకోలేదు నేను. పక్కన నడిస్తే ఆయన ఏమన్నా అడుగుతాడేమోనని భయం.

మిగతా అయిదు ఇళ్ళూ నేనే కట్టినా. మొదటిదాని నేల ఊడదీసి మళ్ళీ వేసినా. ప్రతి పలక మధ్యా చిటికెన వేలు కొన దూరేంత సందు వదిలినా. మామ ఎంత వదిలినాడో అంతే, ఆయన కొలతే. ఇప్పుడు మేనేజరు నన్ను మేస్త్రీ గారూ అంటాడు. మామని ఆ తర్వాత ఎవరూ పనికి పిలవలేదు. నేను పండక్కి పోయేవాణ్ణి, సేమియా తినేవాణ్ణి, వచ్చేవాణ్ణి. ఆయన ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పోయిన వేసవిలో మేనేజరు, మీరు కట్టిన ఇంట్లో మీరే ఒక రోజు ఉండకపోతే ఎట్టా అని, మా కుటుంబాన్ని ఊరికే ఉండమని పిలిచినాడు. నేనూ, నా భార్యా, తొమ్మిదేళ్ళ కూతురూ పోయినాము. నా కూతురికి కాళ్ళు భూమ్మీద నిలవలేదు. పై మంచం ఎక్కుతాది, దిగుతాది, కిటికీలో చెయ్యి పెట్టి మామిడాకులు తెంపుతాది. తిమింగలం నోట్లో నుంచి ఎన్నిసార్లు జారిందో లెక్క లేదు. పక్క చెట్టు ఇంట్లో దిగిన పిల్లల్ని తీసుకొచ్చి, ఇవన్నీ మా నాయనే కట్టినాడు అని చూపించింది. వాళ్ళ నాయన నాకు చెయ్యిచ్చి, "అన్నీ మీరే కట్టారా? గ్రేట్ అండీ" అన్నాడు.

"అవునండీ" అన్నా.

వాళ్ళు పోయినాక నా భార్య టిఫిన్ క్యారియర్ మూత పెడతా, "మామ పేరు నోటికి రాలేదా నీకు? పాపం, కళ్ళు పోయినాయి గానీ మొదలుపెట్టింది ఆయనే కదా" అనింది.

ఆమెకి తెలియదు. ఎవరికీ తెలియదు. అక్కడే ఆ వసారాలో కూర్చుని మొత్తం చెప్పేసినా. చెప్తుంటే నా గొంతు నాకే అసహ్యంగా ఉంది. ఆమె టిఫిన్ క్యారియర్ పక్కకి నెట్టేసింది. "కళ్ళల్లో మందు వేస్తుండావా మామకి అని ఇన్నేళ్ళూ అత్తకి ఫోన్ చేసి అడుగుతా ఉన్నానే నేను! అత్త ఏమనుకునిందో! ఛీ, ఏం మనిషివయ్యా నువ్వు" అనింది. తర్వాత, పొద్దున్నే నన్నూ పాపనీ బస్సెక్కించి నువ్వు మీ మామ దగ్గరికి పో అనింది.

పోయినా. మామ వాకిట్లో మంచం మీద కూర్చుని, అత్తకి సూదిలో దారం ఎక్కిస్తుండాడు. అద్దాలు లేవు. ఒక్క తోపుకే ఎక్కింది. నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, "మామా, ఆ రోజు నూలు కొట్టింది నేను" అన్నా.

"తెలుసు" అన్నాడు.

"మరి నేనే చేసినా అని ఎందుకన్నావు?"

"బిడ్డ గలోడివి, పని పోతే ఏం చేస్తావు? అది నాకు బరువనిపించలా." సూది అత్తకిచ్చి, చేతులు దులుపుకున్నాడు. "ఊరోళ్ళు గుడ్డోడన్నారు, నవ్వుకున్నా. వాళ్ళకేం తెలుసురా నా చెయ్యి? నువ్వు నా చేతి కింద పెరిగినోడివి. సందు చూసినావు. మామా, ఇదెందుకు వదిలినావని ఒక్క మాట అడగలేకపోయినావే. నువ్వు గూడా నన్ను గుడ్డోడనే అనుకున్నావు కదరా."

తిట్టుంటే పడేవాణ్ణి. కొట్టినా పడేవాణ్ణి. ఆ మాట నేను తట్టుకోలేకపోయినా. ఆయన కాళ్ళు పట్టుకుని ఏడ్చినా. లెయ్ లెయ్, ఎవరన్నా చూస్తే బాగుండదు అన్నాడు. అత్త మంచినీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టి, నా ముఖం చూడకుండా లోపలికి పోయింది.

అక్కడి నుంచి నేరుగా రేవు దగ్గర టీ కొట్టుకి పోయినా. ఇంకెంత కాలం దాచుకుంటా అనుకున్నా. పడవల వాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. అందరూ వినేటట్టు చెప్పినా. మా మామ కళ్ళు శుభ్రంగా ఉండాయి, ఆ చెట్టింటి తప్పు నాది, సందులు పూడ్చింది నేను, నా ఉద్యోగం కోసం ఆయన తన మీద వేసుకున్నాడు అని మొదటి నుంచి చివర దాకా చెప్పినా. ఎవరూ అడ్డం రాకుండా విన్నారు.

విన్నాక వాళ్ళలో పెద్దాయన లేచి నా భుజం మీద చెయ్యేసినాడు. "ఉంటే నీలాంటి అల్లుడు ఉండాలయ్యా. పెద్దాయన పరువు కోసం, చెయ్యని తప్పు నీ నెత్తినేసుకుంటుండావు. ఎవరు చేస్తారు ఈ రోజుల్లో?"

"కాదన్నా, నిజంగా నేనే..." అన్నా.

"మాకు తెలుసులేవయ్యా" అన్నాడు. పక్కనోళ్ళు అవునవునన్నారు. మామకి కంటి ఆపరేషన్ చేయించమని ఒకడు ఆసుపత్రి పేరు కూడా చెప్పినాడు. నేను ఒట్లు పెట్టినా, బతిమాలినా. ఎంత చెప్తే అంత మంచోణ్ణి అయిపోయినా. ఆ రోజు నా టీ డబ్బులు కూడా వాళ్ళే ఇచ్చినారు.